ఏం చేస్తుంటారని అడిగితే నోరు పెగలడం లేదు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. 19 ఏళ్లుగా ఒకే సంస్థలో పనిచేస్తున్నాను. చివరి ఏడేళ్లూ ఒక విభాగానికి హెడ్‌ని. మూడు నెలల కిందట మా విభాగాన్ని మరోదానిలో కలిపేశారు. జీతం తగ్గించలేదు గానీ హెడ్ వేరొకరయ్యారు, నేను 'సలహాదారు'నట. పెద్దగా పని కూడా లేదు. మొన్న ఒక ఫంక్షన్‌లో ఎవరో 'మీరేం చేస్తుంటారు?' అంటే నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి ఏడ్చాను. మావారు ఏదైనా హాబీ పెట్టుకోమన్నారు. గిటార్ కొన్నాను, మూడు వారాలకే మూలన పడింది. ఇంకోచోట మళ్లీ హెడ్‌గా చేరితే అన్నీ సర్దుకుంటాయనిపిస్తోంది. ఉద్యోగం తీసేస్తే నేనెవరినో నాకే తెలియడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం:

'నేనెవరిని' అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. అది కూర్చుని ఆలోచిస్తే తేలేది కాదు. విభాగం హెడ్ అనే మనిషి కూడా అలా ఆలోచిస్తే పుట్టలేదు కదా. మీరు రోజూ ఒక వేళకు వెళ్లారు, కొందరు మీ కోసం ఎదురుచూశారు, ఒక పని మీ చేతుల మీదుగా జరిగింది, తేడా వస్తే మిమ్మల్నే అడిగారు. కొన్నేళ్లకు ఆ పేరు మీకు ఒంటబట్టింది. ఇంకో గుర్తింపు రావాలన్నా దారి ఇదే. అందుకే ఈ జవాబులో ఆత్మపరిశీలన తక్కువ, టైంటేబుల్ ఎక్కువ.

దానికి ముందు ఒక జాగ్రత్త. హోదా పోతే ఏడుపు రావడం సహజం. కానీ రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉండడం, ఇదివరకు ఇష్టపడినవేవీ రుచించకపోవడం, తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, ఆకలి బాగా తగ్గడమో పెరగడమో, దేనిమీదా మనసు నిలవకపోవడం, 'నేనెందుకూ పనికిరాను' అన్న మాట తలలో తిరుగుతూ ఉండడం, వీటిలో చాలావరకు ఒకేసారి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. డాక్టర్‌కి చూపించుకోవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, కింద చెప్పబోయే వారాల లెక్కలేవీ చూసుకోకండి. ఆ రోజే ఇంట్లో చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మేం చెప్పేవి వైద్యానికి తోడుగా పనికొస్తాయి, దాని బదులుగా కాదు.

ఇక అసలు విషయం. మీకు పోయింది ఏమిటో ముందు విడదీసి చూడాలి. 'అంతా పోయింది' అనుకున్నంతకాలం దేన్ని తిరిగి సంపాదించుకోవాలో తెలియదు.

ఆస్ట్రియాలో మారియంటాల్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడివాళ్లంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేవారు. 1930 ప్రాంతంలో అది మూతపడింది. మేరీ యహోదా అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు అక్కడికి వెళ్లి పరిశీలించి 1933లో ఫలితాలు ప్రచురించారు. పని పోయినవాళ్లకు బోలెడు తీరిక దొరికింది, అయినా లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం తగ్గిపోయింది. వీధిలో నడక నెమ్మదించింది. రోజంతా ఏం చేశారని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయారు. తీరిక దొరికితే అభిరుచులు వాటంతటవే మొలకెత్తుతాయనుకునేవాళ్లు ఈ ఒక్క ఉదంతం గుర్తుంచుకుంటే చాలు. జీతం కాక ఉద్యోగం మనకు ఇంకో ఐదు ఇస్తుందని యహోదా ఆ తర్వాత తేల్చి చెప్పారు. రోజుకు ఒక క్రమం, ఇంటివాళ్లు కాని మనుషులతో రోజువారీ సంబంధం, ఒక్కరి వల్ల కాని పనిలో భాగం, సమాజంలో ఒక స్థానం, తప్పనిసరిగా చేయాల్సిన పని.

ఈ ఐదింటినీ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాయండి. ఒక్కోదానికి పక్కన రెండు అంకెలు వేయండి, నాలుగు నెలల కిందట పదికి ఎంత, ఇప్పుడు ఎంత. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మొదటి రెండూ పెద్దగా పడి ఉండవు. ఆఫీసుకి వెళ్తున్నారు, మనుషులు కనిపిస్తున్నారు. బాగా పడినవి స్థానం, కలిసి చేసే పని, తప్పనిసరి పని. గిటార్ ఈ మూడింటిలో ఒక్కటీ ఇవ్వలేదు. ఇంట్లో ఒక్కరే వాయిస్తారు, వాయించకపోతే అడిగేవారు లేరు, ఎంత వచ్చిందో ఎవరికీ తెలియదు. మీవారి సలహా మంచిదే, కాకపోతే ఆ మందు ఈ జబ్బుకి కాదు.

రెండో పరీక్షకు పావుగంట చాలు. 1954లో మాన్‌ఫ్రెడ్ కూన్, థామస్ మెక్‌పార్ట్‌లాండ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు వాడిన పద్ధతి ఇది. తెల్లకాగితం మీద 1 నుంచి 20 వరకు అంకెలు వేసుకోండి. ప్రతి అంకె పక్కన 'నేను' అని మొదలుపెట్టి ఒక వాక్యం రాయండి. 12 నిమిషాలు టైమర్ పెట్టుకుని, ఆగి ఆలోచించకుండా తోచింది తోచినట్టు రాయాలి. మొదటి ఏడెనిమిది గబగబా వస్తాయి, ఆ తర్వాత పెన్ను ఆగుతుంది. అక్కడ లేచిపోకండి, అసలు సంగతులు తరచూ అక్కడి నుంచే వస్తాయి. రాశాక ఒక్కో వాక్యాన్నీ ఈ ప్రశ్నతో పరీక్షించండి: ఈ మాట నిజమని చివరిసారి ఎక్కడ రుజువైంది?

'నేను ఓపిక గల మనిషిని' అని రాశారనుకోండి. గుర్తొచ్చిన సందర్భాలన్నీ ఆఫీసులోవే అయితే అది కూడా ఉద్యోగం వాక్యమే, పక్కన 'ఉ' అని పెట్టండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. కష్టజీవిని, క్రమశిక్షణ గలదాన్ని, నిర్ణయాలు తీసుకోగలను, ఇలాంటివన్నీ తమ స్వభావం కిందే లెక్కవేసుకుని సంతృప్తి పడతారు. డిజిగ్నేషన్ పోయిన రోజు అవన్నీ ఎందుకు కూలాయో అర్థం కాదు. 20లో 14కి మించి 'ఉ'లు వస్తే మీ బరువంతా ఒకే కాలి మీద ఉందని మా లెక్క. ఇది శాస్త్రం గీసిన గీత కాదు, మేం పెట్టుకున్న కొండగుర్తు. కాగితం మీద తేదీ వేసి దాచండి, 12 వారాల తర్వాత పనికొస్తుంది.

అలాగని సున్నా 'ఉ'ల కోసం పాకులాడకండి. 19 ఏళ్లు చేసిన పని మీలో భాగమే. దాన్ని తుడిచేయాలనుకోవడం కూడా దాని చుట్టూ తిరగడమే. ఎన్ని పాత్రలుంటే అంత రక్ష అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. ఒక మనిషికి తన గురించి వేర్వేరు కోణాలు ఎక్కువగా ఉంటే దెబ్బ తగిలినప్పుడు తట్టుకుంటారని ప్యాట్రీషియా లిన్‌విల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో ప్రతిపాదించారు. తర్వాతి పరిశోధనల్లో ఫలితాలు ఒకేలా రాలేదు. పాత్రలు మరీ ఎక్కువై, ఏదీ చేతిలో లేకపోతే అదీ భారమే. కాబట్టి ఒకేసారి ఐదు క్లాసుల్లో చేరకండి. ఒకటి చాలు, అది సరైనదై ఉండాలి.

సరైనది ఏదో ఎలా తెలుస్తుంది? 'నాకేమిష్టం' అని అడిగితే మీకిప్పుడు జవాబు రాదు. ఇన్నేళ్లు వాడని కండరం అది. దానికి బదులు ఈ నాలుగు చోట్ల వెతకండి. పదిపన్నెండేళ్ల వయసులో ఎవరూ చెప్పకుండానే గంటలకొద్దీ చేసిన పని. ఆఫీసుతో సంబంధం లేనివాళ్లు మిమ్మల్ని అడిగే సాయం. ఎవరినైనా చూసి కాస్త ఈర్ష్య పడితే అది వాళ్లు చేస్తున్న దేన్ని చూసి. ఆఫీసులోనే మీ పని కాకపోయినా తలదూర్చి చేసిన పనులు: రిపోర్టుల్లో భాష దిద్దడం, కొత్తవాళ్లకు నేర్పడం, కార్యక్రమాలకు వేదిక అలంకరించడం, ఏదైనా. పదైనా రాయండి, పిచ్చివనిపించినవి కూడా.

ఆ పదింటినీ జల్లెడ పట్టడానికి మేం చూసేవి నాలుగు. వారంలో ఒక ఖాయమైన రోజు, వేళ ఉండాలి. మీరు వెళ్లకపోతే 'ఏమైంది, రాలేదు?' అని అడిగే మనుషులు కనీసం ఇద్దరుండాలి. ఆరు నెలలకో ఏడాదికో ముందుకు కదిలామని తెలిసే మెట్లుండాలి. కంటికి కనిపించే ఫలితం ఉండాలి, బృందగానం వేదిక ఎక్కడమో, ఒక పెద్దావిడ సొంతంగా సంతకం పెట్టగలగడమో, నర్సరీలో 200 మొక్కలు నాటడానికి తయారవడమో. కెనడా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ స్టెబిన్స్ 1982 నుంచి ఇలాంటి వ్యాపకాల మీదే పనిచేశారు. తీరికగా టీవీ చూడడాన్నీ, ఏళ్ల తరబడి కష్టపడి నేర్చుకునే వ్యాపకాన్నీ ఆయన వేరు చేశారు. రెండోదానికి ఆయన చెప్పిన లక్షణాల్లో పట్టుదల, అంచెలంచెలుగా ఎదుగుదల, తనదైన లోకం, చివరికి 'నేను ఫలానా' అని చెప్పుకోగలగడం ఉన్నాయి. మీకు కావాల్సింది ఆ ఆఖరిది. మొదటివి లేకుండా అది రాదు.

ఒంటరి అభిరుచులకు కూడా ఈ నాలుగూ తగిలించవచ్చు. పక్షులను చూడడం ఒక్కరే చేసే పని. కానీ 2002 నుంచి నడుస్తున్న పక్షుల నమోదు వెబ్‌సైట్ ఈబర్డ్‌లో ప్రతి ఆదివారం ఒకే చెరువు దగ్గర ఒకే వేళకు చూసిన పక్షుల లెక్క నమోదు చేస్తూ పోతే, ఏడాదికి ఆ చెరువు గురించి ఎక్కువ తెలిసిన కొద్దిమందిలో మీరొకరవుతారు. అరుదైన పక్షి పేరు రాస్తే అక్కడి సమీక్షకులు ఆధారం అడుగుతారు. అంటే మీ మాటకు లెక్క చెప్పాల్సిన బాధ్యత వచ్చిందన్నమాట.

ఒక్కటి ఎంచుకున్నాక ఆరు వారాలు, వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 90 నిమిషాలు. మొత్తం 12 సార్లు. మధ్యలో మానాలా వద్దా అన్న ఆలోచనే వద్దు, 12వ సారి అయ్యాకే తీర్పు. వెళ్లేముందు 'వెళ్లాలని ఎంత ఉంది' అని పదికి ఒక అంకె, తిరిగొచ్చాక 'ఎలా ఉంది' అని ఇంకో అంకె రాసుకోండి. దిగులుగా ఉన్న మనసు దేన్నైనా ముందే తక్కువ అంచనా వేస్తుంది. మొదటి అంకె 2 ఉండి రెండోది 6 వస్తోందంటే కొనసాగించండి. పన్నెండుసార్లూ రెండో అంకె మొదటిదాన్ని దాటకపోతే ఆ పని మీది కాదు, సిగ్గుపడకుండా వదిలేసి జాబితాలో తర్వాతిది పట్టుకోండి. 21 రోజుల్లో అలవాటవుతుందన్న మాట పట్టించుకోకండి. లండన్‌లో 96 మందితో జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల వరకు తేడా ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా ఏమీ చెడలేదు. తప్పిన రోజుకు బెంగపడి మొత్తం మానేయడమే చేటు.

గిటార్ మీద ఇంకా మనసుంటే దానికో మాట. వేళ్ల చివర చర్మం గట్టిపడడానికి రోజూ వాయిస్తే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మీరు మానేసింది సరిగ్గా నొప్పి తగ్గబోయే ముందు. వాద్యాన్ని ఒకసారి దుకాణంలో చూపించండి. 12వ ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య 3 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ ఖాళీ ఉంటే తీగలు దించమనండి, సన్నపాటి తీగలు వేయమనండి. సగం నొప్పి అక్కడే పోతుంది. పెట్టెలో దాచకండి, స్టాండ్ మీద కళ్లెదురుగా ఉంచండి. రోజుకు 15 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, ముందు రెండు కార్డులే (కొన్ని తీగలను కలిపి మోగించే స్వరాల గుంపులు), ఇ మైనర్, డి. నిమిషంలో ఒకదాని నుంచి మరోదానికి ఎన్నిసార్లు శుభ్రంగా మారగలిగారో లెక్కపెట్టండి. మొదట్లో పది కూడా రాకపోవచ్చు, 30కి చేరితే పాటలో లయ తప్పకుండా మారగలరు. ఎఫ్ కార్డ్ జోలికి తొలి మూడు నెలలు వెళ్లకండి. చూపుడువేలు తీగలన్నిటి మీదా అడ్డంగా నొక్కాల్సిన ఆ కార్డ్ దగ్గరే చాలామంది గిటార్ మానేస్తారు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక గురువు దగ్గరో బృందంలోనో చేరండి. లేకపోతే పైన చెప్పిన నాలుగు షరతుల్లో రెండోది తప్పుతుంది.

దానికన్నా లోతైన చిక్కు ఇంకోటి ఉంది. ఏడేళ్లు హెడ్‌గా ఉన్న మనిషికి ఏమీ రానివాళ్ల వరుసలో కూర్చోవడం కష్టం. తప్పు వాయిస్తే మీ చెవికి వెంటనే తెలుస్తుంది, వేలికి మాత్రం ఇంకా రాదు. ఈ మధ్యకాలం భరించలేనిదిగా ఉంటుంది. ఆఫీసులో ఎవరైనా కొత్తవాళ్లు మూడు వారాల్లో పని రాలేదని రాజీనామా చేస్తానంటే మీరేం చెప్పేవారో అదే మీకూ వర్తిస్తుంది.

మీలాంటివాళ్లు పడే అసలు గొయ్యి మాత్రం దీనికి పూర్తిగా అటువైపు ఉంటుంది. ఏదో స్వచ్ఛంద సంస్థలో చేరతారు. రెండో సమావేశానికే అక్కడి గందరగోళం చూసి చేతులు దురద పెడతాయి. జాబితాలు తయారుచేస్తారు, బాధ్యతలు పంచుతారు, మూడు నెలలకు కార్యదర్శి అవుతారు, ఏడాదికి అధ్యక్షురాలు. మళ్లీ మెయిళ్లు, మళ్లీ సమావేశాలు, రాత్రి పదింటికి ఫోన్లు. అది రెండో గుర్తింపు కాదు, జీతం లేని పాత ఉద్యోగం. పదవి పోయిన రోజు మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. కాబట్టి మొదటి ఆరు నెలలు ఏ పదవీ తీసుకోకూడదని ముందే నియమం పెట్టుకోండి. అడిగితే 'ఆర్నెల్లు పని నేర్చుకుంటాను, తర్వాత చూద్దాం' అనండి. కుర్చీలు సర్దండి, పుస్తకాలకు అట్టలు వేయండి, మొక్కలకు నీళ్లు పోయండి. చేత్తో చేసే పని, ఇంకొకరు చెబితే చేసే పని. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగతావి కాస్త అటూఇటూ అయినా ఫరవాలేదు.

మనుషుల సంగతికి వద్దాం. ఫోన్ తీసి గత 30 రోజుల్లో మాట్లాడినవాళ్ల జాబితా చూడండి. వాళ్లలో మీరు హెడ్ కాకముందు నుంచీ తెలిసినవాళ్లు, ఆఫీసుతో సంబంధం లేనివాళ్లు ఎంతమంది? ఇంటివాళ్లను లెక్కించకండి. ముగ్గురికి తక్కువైతే అక్కడ పని ఉంది. కొత్త స్నేహానికి సమయం బాగా పడుతుంది. 2018లో జెఫ్రీ హాల్ అనే అమెరికన్ పరిశోధకుడు వేసిన లెక్క ప్రకారం ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి కలిసి గడిపిన సమయం సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటల పైమాటే. వారానికి మూడు గంటల చొప్పున ఒకే బృందంలోకి వెళ్తే మామూలు స్నేహానికే నాలుగు నెలలు. నెలకో కొత్త క్లాసు మార్చేవాళ్లకు స్నేహితులు ఎందుకు దొరకరో దీన్ని బట్టి తెలుస్తుంది.

కొత్తవాళ్లు దొరికేలోపు పాతవాళ్లు నయం. వారానికి ఒకరికి, మొత్తం ముగ్గురికి ఫోన్ చేయండి. 'ఊరికే చేశాను' అని మొదలుపెడితే ఐదు నిమిషాల్లో పిల్లల చదువుల దగ్గర ఆగిపోతుంది. ఏదైనా ఒకటి అడగండి: 'అప్పట్లో నువ్వు బొమ్మలు వేసేదానివి, ఇప్పుడూ వేస్తున్నావా? ఒకసారి చూడ్డానికి రానా?' హోదా పోయిన కథ మొదటి ఫోన్‌లోనే ఎత్తుకోకండి. రెండోసారో మూడోసారో దానంతటదే వస్తుంది, అప్పుడు చెప్పండి, దాచొద్దు.

ఇక ఆ ఫంక్షన్ ప్రశ్న. దీనికి సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే మళ్లీ అడుగుతారు. అడిగేవాళ్లకు మీ డిజిగ్నేషన్ మీద నిజంగా ఆసక్తి ఉండదు, మాట కలపడానికి ఏదో ఒక కొస కావాలి. మీరు చేసే పనిలో ఒక ముక్క, బయట చేసే దానిలో ఒక ముక్క, తిరిగి ఒక ప్రశ్న. 'సరుకు ఆలస్యం కాకుండా చూసే కంపెనీలో పనిచేస్తాను. ఈ మధ్య ఆదివారాలు పెద్దవాళ్లకు చదవడం నేర్పుతున్నాను, భలే కష్టంగా ఉంది. మీకెవరైనా టీచర్లు తెలుసా?' ఇలా. మూడే వాక్యాలు. అద్దం ముందు కాదు, మీవారి ముందు పైకి నాలుగైదుసార్లు చెప్పి చూడండి. 'ఇదివరకు హెడ్‌ని' అన్న ముక్క ఎక్కడా రానివ్వకండి. అది వచ్చిందంటే అవతలివాళ్లు 'అయ్యో, ఏమైంది?' అంటారు, సంభాషణంతా అటే పోతుంది. మీవారికి కూడా చెప్పి పెట్టండి. 'మా ఆవిడ ఫలానా కంపెనీలో హెడ్' అని పరిచయం చేయడం ఆయనకు ఏడేళ్ల అలవాటు. ఆయన నోట అది జారితే సరిదిద్దాల్సిన బాధ మీ మీద పడుతుంది. మెయిల్ కింద సంతకం, ఫోన్‌లో ప్రొఫైల్, పాత విజిటింగ్ కార్డులు ఒకే రోజు కూర్చుని మార్చేయండి. ఒక్కోటి ఎదురైనప్పుడల్లా మార్చుకుంటూ పోతే ఒక్కోసారీ కొత్తగా తగులుతుంది.

ఆఫీసులో ఏం చేయాలన్నది మీరు అడగలేదు గానీ రోజుకు ఎనిమిది గంటలు అక్కడే కదా. సలహాదారు అన్న కుర్చీకి హద్దులు సరిగ్గా ఉండవు, అది ఒక రకంగా మీకు మేలే. పనిలో ఏం చేస్తున్నాం, ఎవరితో చేస్తున్నాం, దాన్ని ఎలా చూస్తున్నాం అన్న మూడింటినీ ఉద్యోగులు తమకు తామే కొంత మార్చుకుంటారని 2001లో ఎమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే పరిశోధకులు వివరించారు. మీరు రెండోదాన్ని వాడుకోండి. ఇద్దరు జూనియర్లను ఎంచుకుని వారానికి చెరో గంట, ఖాయమైన వేళకు. కొత్త హెడ్‌కు ముందు చెప్పండి, చెప్పకుండా చేస్తే మీరు జట్టు కడుతున్నారనుకుంటారు. పాత బృందం ఇంకా మీ దగ్గరికే నిర్ణయాల కోసం వస్తుంటే మాత్రం మెత్తగా వెనక్కి పంపండి. అది కాసేపు బాగానే ఉంటుంది, కానీ గాయం మానదు.

సాయంత్రం బయల్దేరే ముందు పది నిమిషాలు ఉంచుకోండి. సగంలో ఉన్న పనులు, రేపు పొద్దున ముట్టుకోబోయే మొదటి మూడు పనులు కాగితం మీద రాయండి. సగంలో ఆగిన పని తలలో తిరుగుతుంది, ఎప్పుడు ఎలా చేస్తామో రాసి పెడితే ఆ తిరగడం తగ్గుతుంది. ఇంటికెళ్లాక ఆఫీసు మెయిల్ మోగకుండా కట్టేయండి. పని అలసట తీరడానికి ఆఫీసును మనసులోంచి దింపడం, విశ్రాంతి, ఏదైనా కొత్తగా నేర్చుకోవడం, సమయం తన చేతిలో ఉందన్న భావన అనే నాలుగు మార్గాలను సబీనా జొనెంటాగ్, షార్లట్ ఫ్రిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2007లో విడదీసి చూపారు. సోఫాలో ఫోన్ చూస్తూ పడుకుంటే మహా అయితే రెండోది దొరుకుతుంది. మీకు కరువైంది మూడోది.

12 వారాలకు ఆ 20 వాక్యాలు పాత కాగితం చూడకుండా మళ్లీ రాయండి, తర్వాత రెండూ పక్కపక్కన పెట్టండి. 'ఉ'లు 16 నుంచి 12కి వచ్చినా బాగా కదిలినట్టే. కదలకపోతే ముందు వెళ్లిన రోజులు లెక్కపెట్టండి. వారానికి రెండు చొప్పున 24లో 15 కూడా వెళ్లకపోతే లోపం ఎంపికలో కాదు, వేళలో ఉంది. సాయంత్రం ఏడు కాకపోతే పొద్దున ఆరు పెట్టి చూడండి.

చివరగా, ఉద్యోగం మారడం. మొదటి ఆరు నెలలు వద్దంటాం. ఇప్పుడు మీరు ఏ ఆఫర్ చూసినా ముందు డిజిగ్నేషన్ చూస్తారు, పని తర్వాత చూస్తారు. అలా చేరినవాళ్లు అక్కడ అదే కుర్చీకి అంతకన్నా గట్టిగా అతుక్కుంటారు. అక్కడా విభాగాలు కలుపుతారు. ఆరు నెలల తర్వాత ఆఫర్ వస్తే ఇలా పరీక్షించండి: ఆ డిజిగ్నేషన్‌ను కాగితం మీద కొట్టేసి, సోమవారం పొద్దున నుంచి శుక్రవారం సాయంత్రం దాకా గంటగంటకూ ఏం చేస్తారో రాయండి. ఆ సంస్థవాళ్లనే అడగండి, చెబుతారు. ఆ వారం మీకు నచ్చితే వెళ్లండి. ఈలోగా ఇక్కడి పరిస్థితి అవమానకరంగా మారినా, చేతిలో పని పూర్తిగా లేకుండా చేసినా ఆరు నెలలు ఆగక్కర్లేదు. కానీ కొత్త ఆఫర్ రాతపూర్వకంగా అందాకనో, లేదా ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాకనో రాజీనామా ఇవ్వండి. ఏడ్చిన రోజు సాయంత్రం మాత్రం ఇవ్వకండి.